యూనిట్ 7: స్ఫటికాల గుండా కాంతి – ప్రసారం, శోషణం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ప్రస్తావన
7.2 స్ఫటికంపై పడిన కాంతి ఏమవుతుంది?
7.3 శోషణ గుణకం
7.4 ఫోటాన్ శక్తి – నిషిద్ధ శక్తి అంతరం
7.5 శోషణ అంచు: ప్రత్యక్ష, పరోక్ష సంక్రమణాలు
7.6 మాలిన్యాలు, లోపాలు – స్ఫటికాల రంగులు
7.7 పరారుణ శోషణం – జాలక కంపనాలు
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు

• స్ఫటికంపై పడిన కాంతి ఏయే భాగాలుగా విడిపోతుందో వివరించగలుగుతారు;
• శోషణ గుణకాన్ని నిర్వచించి, కొలతల నుంచి దానిని గణించగలుగుతారు;
• నిషిద్ధ శక్తి అంతరాన్ని బట్టి ఒక స్ఫటికం ఏ కాంతిని ఆపుతుందో, దేనిని దాటనిస్తుందో ముందుగా చెప్పగలుగుతారు;
• అతి కొద్ది మాలిన్యం స్ఫటికం రంగును ఎలా మార్చగలదో ఉదాహరణలతో వివరించగలుగుతారు.

7.1 ప్రస్తావన

పైకి ఒకేలా కనిపించే రెండు వజ్రాలను ఊహించుకోండి. రెండింటికీ రంగు లేదు, రెండూ సమానంగా మెరుస్తున్నాయి. కంటితో చూసి వాటిని వేరుచేయలేం. ఇప్పుడు 250 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని వాటిపై పడనివ్వండి. ఒక వజ్రం ఆ కాంతిని చక్కగా దాటనిస్తుంది. రెండవది బొగ్గు ముక్కలా ఆపేస్తుంది. 1934లో రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు ప్రధానంగా ఇటువంటి తేడాల ఆధారంగానే వజ్రాలను రెండు రకాలుగా విభజించారు. సుమారు 300 నానోమీటర్ల దగ్గరే కాంతిని ఆపేసేవి మొదటి రకం. సుమారు 225 నానోమీటర్ల వరకు దాటనిచ్చేవి రెండవ రకం.

మరి ఈ రెండింటిలో పారదర్శకమైనది ఏది? “ఏ కాంతికి?” అని తిరిగి అడగకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు తరచుగా కనిపించిన వాక్యం ఒకటుంది: “పారదర్శక వస్తువులు కాంతిని శోషించవు.” ఇది సగం మాత్రమే నిజం. పారదర్శకత స్ఫటికానికి మాత్రమే చెందిన గుణం కాదు. స్ఫటికానికీ, దానిపై పడే ఫోటాన్ శక్తికీ మధ్య ఉండే సంబంధం అది. ఈ యూనిట్ అంతా ఆ ఒక్క వాక్యానికి వివరణే.

7.2 స్ఫటికంపై పడిన కాంతి ఏమవుతుంది?

స్ఫటికంపై పడిన కాంతికి నాలుగు దారులున్నాయి. కొంత ఉపరితలం వద్ద వెనుకకు మళ్లుతుంది, ఇది పరావర్తనం. లోపలికి వెళ్లిన దానిలో కొంత స్ఫటికంలోని ఎలక్ట్రాన్లకో, పరమాణు కంపనాలకో తన శక్తిని అప్పగించి అంతరించిపోతుంది, ఇది శోషణం. కొంత దారి తప్పి ఇతర దిశలలోకి చెదురుతుంది, ఇది పరిక్షేపణం. మిగిలినది ఆవలి వైపుకు వస్తుంది, ఇది ప్రసారం.

వీటిలో శోషణాన్నీ పరిక్షేపణాన్నీ ఒకటిగా భావించడం పొరపాటు. తేడా తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు, వంటిల్లు చాలు. పెద్ద పటికబెల్లం ముక్కను వెలుతురుకు ఎత్తి చూడండి. చాలావరకు పారదర్శకంగా ఉంటుంది. దానినే రోట్లో దంచితే తెల్లని పొడి అవుతుంది, దాని గుండా ఏమీ కనిపించదు. దంచడం వల్ల చక్కెర అణువు మారలేదు. కొత్తగా ఏర్పడినవి లెక్కలేనన్ని ఉపరితలాలు. ప్రతి ఉపరితలం దగ్గర కాంతి కొద్దికొద్దిగా మళ్లుతూ అన్ని దిశలకూ చెదిరిపోతుంది. పొడి తెల్లగా ఉందంటే అది దృశ్యకాంతిని దాదాపుగా శోషించడం లేదనే అర్థం.

ఉపరితలం వద్ద ఎంత కాంతి పరావర్తనం చెందుతుందో వక్రీభవన గుణకం నిర్ణయిస్తుంది. కాంతి గాలిలో నుంచి ఉపరితలంపై లంబంగా పడినప్పుడు, శోషణం స్వల్పమైతే,

పరావర్తన భాగం = [(వక్రీభవన గుణకం – 1) ÷ (వక్రీభవన గుణకం + 1)] యొక్క వర్గం

ఉప్పు స్ఫటికానికి వక్రీభవన గుణకం 1.54. పై సూత్రం ప్రకారం పరావర్తన భాగం సుమారు 4.5 శాతం. వజ్రానికి 2.42 కాబట్టి సుమారు 17 శాతం. వజ్రం మెరుపుకు ఇది ఒక ముఖ్య కారణం.

చేసి చూడండి: కల్లుప్పును మెత్తగా నూరి, తెల్లని ఆ పొడిని కొబ్బరి నూనెతో తడపండి. తెల్లదనం బాగా తగ్గి పొడి మసక గాజులా కనిపిస్తుంది. నూనెలో ఉప్పు కరగదు. కాని నూనె వక్రీభవన గుణకం సుమారు 1.45, ఉప్పు గుణకానికి చాలా దగ్గర. అందువల్ల ఒక్కో ఉపరితలం వద్ద పరావర్తనం 4.5 శాతం నుంచి 0.1 శాతానికి పడిపోతుంది.

శోషణం లేనప్పుడు కాంతికీ స్ఫటికానికీ ఏ సంబంధమూ ఉండదని అనుకోకండి. కాంతి తరంగంలోని విద్యుత్ క్షేత్రం స్ఫటికంలోని ఎలక్ట్రాన్లను లయబద్ధంగా ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్లు తిరిగి కాంతిని వెలువరిస్తాయి. ఈ రెండూ కలిసి స్ఫటికంలో ముందుకు సాగే తరంగాన్ని ఏర్పరుస్తాయి. అందుకే శూన్యంలో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణించే కాంతి, వజ్రంలో సుమారు 1,24,000 కిలోమీటర్ల వేగంతోనే సాగుతుంది. పారదర్శక స్ఫటికం ఖాళీ దారి కాదు. కాంతి నుంచి తీసుకున్న శక్తిని తిరిగి కాంతికే ఇచ్చే దారి.

7.3 శోషణ గుణకం

స్ఫటికంలో సమాన మందం గల ప్రతి పొరా తనను చేరిన కాంతిలో సమాన *భాగాన్ని* శోషిస్తుంది. సమాన *పరిమాణాన్ని* కాదు. బూగేర్ 1729లోను, లాంబర్ట్ 1760లోను ఈ నియమాన్ని తెలియజేశారు. దీని ప్రకారం కాంతి తీవ్రత దూరంతో పాటు ఘాతీయంగా తగ్గుతుంది. ఎంత త్వరగా తగ్గుతుందో తెలిపే రాశి శోషణ గుణకం. దీని ప్రమాణం “సెంటీమీటరుకు”.

శోషణ గుణకాన్ని మందంతో గుణించగా వచ్చిన లబ్ధం 1 అయితే లోపలికి వెళ్లిన కాంతిలో 37 శాతం మిగులుతుంది. 2 అయితే 13.5 శాతం, 3 అయితే 5 శాతం మిగులుతాయి. ఉదాహరణకు గుణకం సెంటీమీటరుకు 10 అయితే, 1 మిల్లీమీటరు తరువాత 37 శాతం, 3 మిల్లీమీటర్ల తరువాత 5 శాతం మాత్రమే మిగులుతాయి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. రంగులేని స్వచ్ఛమైన వజ్రపు పలకను స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఉంచితే దృశ్యకాంతిలో సుమారు 71 శాతం ప్రసారం కనిపిస్తుంది. “మిగిలిన 29 శాతాన్ని వజ్రం శోషించింది” అని రాసుకున్నారనుకోండి. పలక మందం 1 మిల్లీమీటరు అయితే శోషణ గుణకం సెంటీమీటరుకు 3.4 అని వస్తుంది. నిజానికి అది సున్నకు చాలా దగ్గర! ఆ 29 శాతమూ రెండు ఉపరితలాల వద్ద జరిగిన పరావర్తనమే. పరికరంలో తప్పు లేదు, గణితంలోనూ లేదు. లెక్కకు ముందు చేసిన ఊహలో ఉంది.

ఈ పొరపాటును తప్పించుకోవడానికి సులభమైన మార్గం ఉంది. ఒకే స్ఫటికం నుంచి వేర్వేరు మందాలు గల రెండు పలకలను కోసి, ఒకే విధంగా మెరుగుపెట్టి, రెండింటి ప్రసారాల నిష్పత్తిని తీసుకోవాలి. ఉపరితల నష్టం రెండింటిలోనూ దాదాపు సమానం కాబట్టి నిష్పత్తిలో కొట్టివేయబడుతుంది.

*ఉదాహరణ 7.1:* ఒక స్ఫటికం 1 మి.మీ. పలక 50 శాతం, 3 మి.మీ. పలక 18.4 శాతం కాంతిని ప్రసారం చేశాయి. శోషణ గుణకం ఎంత?

*సాధన:* నిష్పత్తి = 18.4 ÷ 50 = 0.368, అంటే సుమారు 37 శాతం. కాబట్టి గుణకం, మందాల భేదాల లబ్ధం 1. మందాల భేదం 0.2 సెం.మీ. కనుక శోషణ గుణకం = 1 ÷ 0.2 = సెంటీమీటరుకు 5.

7.4 ఫోటాన్ శక్తి – నిషిద్ధ శక్తి అంతరం

స్ఫటికం ఒక కాంతిని శోషించి మరొక కాంతిని ఎందుకు వదిలేస్తుంది? జవాబు కోసం గత యూనిట్‌లో చదివిన పట్టీ సిద్ధాంతాన్ని గుర్తుకు తెచ్చుకోండి. బంధకాలలోను, అర్ధవాహకాలలోను ఎలక్ట్రాన్లతో నిండిన వేలన్సీ పట్టీ కింద ఉంటుంది. దాదాపు ఖాళీగా ఉన్న వహన పట్టీ పైన ఉంటుంది. నడుమ ఎలక్ట్రాన్లకు చోటులేని నిషిద్ధ శక్తి అంతరం ఉంటుంది.

ఫోటాన్‌ను శోషించిన ఎలక్ట్రాన్ దాని శక్తి మొత్తాన్నీ ఒకేసారి తీసుకోవాలి. ఆ శక్తితో చేరుకోవడానికి పైన ఒక స్థితి ఉండాలి. అంతరం కంటే ఫోటాన్ శక్తి తక్కువైతే ఎలక్ట్రాన్ మధ్యలో నిలబడే చోటు లేదు. కాబట్టి ఫోటాన్ శోషణం చెందకుండా సాగిపోతుంది. శక్తి సరిపోతే ఎలక్ట్రాన్ వహన పట్టీలోకి ఎగురుతుంది, ఫోటాన్ అంతరిస్తుంది. ఫోటాన్ శక్తిని ఇలా లెక్కించవచ్చు:

ఫోటాన్ శక్తి (ఎలక్ట్రాన్ వోల్టులలో) = 1240 ÷ తరంగదైర్ఘ్యం (నానోమీటర్లలో)

దృశ్యకాంతిలో 400 నానోమీటర్ల ఊదా కాంతికి 3.1, 700 నానోమీటర్ల ఎరుపు కాంతికి సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ఈ రెండు సంఖ్యలను గుర్తుంచుకుంటే కింది పట్టిక తనంతట తానే అర్థమవుతుంది.

*పట్టిక 7.1 (విలువలు సుమారుగా)*

| స్ఫటికం | శక్తి అంతరం (ఎ.వో.) | శోషణ అంచు (నా.మీ.) | పెద్ద స్ఫటికం కనిపించే తీరు |
|---|---|---|---|
| ఉప్పు | 8.5 | 146 | రంగులేనిది |
| వజ్రం | 5.5 | 225 | రంగులేనిది |
| కాడ్మియం సల్ఫైడ్ | 2.4 | 517 | పసుపు |
| ఇంగిలీకం | 2.0 | 620 | ఎరుపు |
| సిలికాన్ | 1.1 | 1130 | అపారదర్శకం, లోహపు మెరుపు |
| జెర్మేనియం | 0.67 | 1850 | అపారదర్శకం, లోహపు మెరుపు |

పట్టికను పై నుంచి కిందికి చదవండి. అంతరం 3.1 కంటే ఎక్కువైతే దృశ్యకాంతి అంతా దాటిపోతుంది, స్ఫటికం రంగులేనిదవుతుంది. కాడ్మియం సల్ఫైడ్ ఊదా, నీలి కాంతులను ఆపుతుంది. ఆకుపచ్చ నుంచి ఎరుపు వరకు మిగిలిన కాంతుల మేళవింపు మన కంటికి పసుపు. ఇంగిలీకంలో ఎరుపు మాత్రమే మిగులుతుంది. అంతరం 1.8 కంటే తగ్గితే దృశ్యకాంతి ఏదీ మిగలదు. అయితే సిలికాన్ “అపారదర్శకం” అన్నది మన కంటి మాట మాత్రమే. 1500 నానోమీటర్ల పరారుణ కాంతికి స్వచ్ఛమైన సిలికాన్ పారదర్శకమే.

లోహాలలో పట్టీ సగం నిండి ఉంటుంది, లేదా పట్టీలు ఒకదానిపై ఒకటి వ్యాపించి ఉంటాయి. దాటవలసిన అంతరమే లేదు. స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు దృశ్యకాంతిలో చాలా భాగాన్ని వెనుకకు తిప్పికొడతాయి, కొంత శోషిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. గాలియం ఫాస్ఫైడ్ శక్తి అంతరం 2.26 ఎలక్ట్రాన్ వోల్టులు. దాని శోషణ అంచు ఎంత? పెద్ద స్ఫటికం ఏ రంగు వైపు ఉండవచ్చు?
2. పటికబెల్లం పొడి తెల్లగా ఉండటానికి కారణం శోషణమా, పరిక్షేపణమా?

7.5 శోషణ అంచు: ప్రత్యక్ష, పరోక్ష సంక్రమణాలు

ఫోటాన్ శక్తి అంతరాన్ని దాటగానే శోషణం అన్ని స్ఫటికాలలోనూ ఒకే విధంగా పెరగదు. సంక్రమణంలో శక్తితో పాటు ద్రవ్యవేగం కూడా నిత్యత్వ నియమాన్ని పాటించాలి. ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాలతో పోలిస్తే ఫోటాన్ ద్రవ్యవేగం చాలా స్వల్పం. కాబట్టి ఫోటాన్ ఒక్కటే ఎలక్ట్రాన్‌ను నిటారుగా పైకి ఎగరవేయగలదు గాని పక్కకు జరపలేదు.

గాలియం ఆర్సెనైడ్‌లో వేలన్సీ పట్టీ శిఖరానికి సరిగ్గా పైనే వహన పట్టీ అడుగు ఉంటుంది. ఫోటాన్ ఒక్కటే చాలు; ఇది ప్రత్యక్ష సంక్రమణం. సిలికాన్‌లో వహన పట్టీ అడుగు పక్కకు జరిగి ఉంటుంది. కావలసిన ద్రవ్యవేగాన్ని స్ఫటిక జాలకపు కంపనం, అంటే ఫోనాన్, సమకూర్చాలి. ఫోటాన్, ఎలక్ట్రాన్, ఫోనాన్ మూడూ పాల్గొనవలసిన ఈ పరోక్ష సంక్రమణం సంభావ్యత తక్కువ. అందువల్ల అంచు దగ్గర సిలికాన్ శోషణం బలహీనం.

దీని ప్రభావం సౌర ఘటాలలో స్పష్టంగా కనిపిస్తుంది. గాలియం ఆర్సెనైడ్‌లో అంచును దాటిన కాంతి తీవ్రత 37 శాతానికి తగ్గడానికి దాదాపు 1 మైక్రోమీటరు చాలు. సిలికాన్‌లో 500 నానోమీటర్ల కాంతికి కూడా సుమారు 1 మైక్రోమీటరే. కాని 1000 నానోమీటర్ల కాంతికి అంచుమించు 150 మైక్రోమీటర్లు కావాలి. స్ఫటిక సిలికాన్ సౌర ఘటాల పలకలు సాధారణంగా 150–200 మైక్రోమీటర్ల మందంతో ఉండటానికి గల కారణాలలో ఇది ఒకటి. ఇంటి పైకప్పు మీది పలక మందం వెనుక ఈ పట్టీల ఆకారం ఉంది.

7.6 మాలిన్యాలు, లోపాలు – స్ఫటికాల రంగులు

వజ్రం శక్తి అంతరం 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ లెక్కన ప్రతి వజ్రమూ 225 నానోమీటర్ల వరకు పారదర్శకంగా ఉండాలి. మరి ప్రస్తావనలో చూసిన రెండవ వజ్రం 250 నానోమీటర్ల కాంతిని ఎందుకు ఆపింది? ఈ చిక్కుముడి 25 ఏళ్లు మిగిలింది. 1959లో కైజర్, బాండ్ దానికి కారణం నైట్రోజన్ అని చూపారు. కార్బన్ స్థానాలలో చేరిన నైట్రోజన్ పరమాణువులు నిషిద్ధ అంతరంలో కొత్త శక్తి స్థాయిలను ఏర్పరుస్తాయి. ఎలక్ట్రాన్‌కు లేని మెట్టు దొరికినట్లయింది. తక్కువ శక్తి గల ఫోటాన్లు కూడా ఇప్పుడు శోషణం చెందుతాయి.

ప్రకృతిలో దొరికే వజ్రాలలో అత్యధిక భాగం నైట్రోజన్ గల మొదటి రకానివే. నైట్రోజన్ దాదాపుగా లేని వజ్రాలు నూటికి ఒకటి, రెండు మాత్రమే. రత్నాల వ్యాపారంలో అసాధారణ స్వచ్ఛత గల ఈ వజ్రాలను “గోల్కొండ” వజ్రాలని పిలిచే అలవాటు ఉంది. కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల వజ్రాలు ఒకప్పుడు గోల్కొండ రాజ్యం ద్వారా ప్రపంచానికి చేరేవి. ఆ కీర్తి పేరుగా మిగిలింది. అయితే ఆ పేరు శోషణ గుణాన్ని సూచిస్తుంది గాని, వజ్రం ఎక్కడ పుట్టిందో రుజువు చేయదు. ఆఫ్రికాలో దొరికిన వజ్రానికి కూడా అదే గుణం ఉండవచ్చు.

నైట్రోజన్‌కు బదులు బోరాన్ చేరితే కథ తారుమారవుతుంది. బోరాన్ స్థాయి వేలన్సీ పట్టీకి 0.37 ఎలక్ట్రాన్ వోల్టుల పైన మాత్రమే ఉంటుంది. శోషణం పరారుణంలో మొదలై ఎరుపు కాంతి వరకు సాగుతుంది. ఎరుపు తగ్గిన కాంతి నీలంగా కనిపిస్తుంది. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో ఉన్న 45.52 క్యారట్ల హోప్ వజ్రం నీలిరంగుకు కారణం ఇదే. కొల్లూరు గని నుంచి వచ్చిందని భావించే ఈ వజ్రంలో బోరాన్ పది లక్షల పరమాణువులకు కొద్దిపాటి మాత్రమే.

కెంపులో రంగు వచ్చే విధానం కొంత వేరు. స్వచ్ఛమైన అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం రంగులేనిది. అందులో నూరు అల్యూమినియం అయాన్లకు ఒకటి, లేదా అంతకంటే తక్కువగా క్రోమియం అయాన్లు చేరితే కెంపు అవుతుంది. క్రోమియం అయాన్ చుట్టూ ఉన్న ఆక్సిజన్ అయాన్ల విద్యుత్ క్షేత్రం దాని శక్తి స్థాయిలను విడదీస్తుంది. ఫలితంగా ఊదా కాంతి, పసుపు-ఆకుపచ్చ కాంతి బలంగా శోషణం చెంది ఎరుపు మిగులుతుంది. అదే క్రోమియం అయాన్ బెరిల్ స్ఫటికంలో ఉన్నప్పుడు పరిసర క్షేత్రం కొంత బలహీనం. శోషణ పట్టీలు దీర్ఘ తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతాయి. ఆకుపచ్చ కాంతి దాటిపోయి మరకతం కనిపిస్తుంది. ఒకే అయాన్, రెండు స్ఫటికాలు, రెండు రంగులు!

మాలిన్యం లేకుండా కూడా రంగు రావచ్చు. ఉప్పు స్ఫటికాన్ని సోడియం ఆవిరిలో వేడిచేస్తే పసుపు రంగు వస్తుంది. కారణం, జాలకంలో క్లోరిన్ అయాన్ ఉండవలసిన ఖాళీ స్థానంలో ఒక ఎలక్ట్రాన్ చిక్కుకోవడం. ఈ ఎలక్ట్రాన్ సుమారు 460 నానోమీటర్ల నీలికాంతిని శోషిస్తుంది. దీనిని ఎఫ్-కేంద్రం అంటారు. జర్మన్ భాషలో రంగు అనే అర్థం గల “ఫార్బె” అనే మాట మొదటి అక్షరమే ఈ “ఎఫ్”.

7.7 పరారుణ శోషణం – జాలక కంపనాలు

ఫోటాన్ శక్తి అంతరం కంటే తగ్గుతూ పోతే పారదర్శకత అలాగే కొనసాగుతుందా? కొనసాగదు. పరారుణంలో మరొక ద్వారం మూసుకుంటుంది. ఉప్పులో సోడియం అయాన్‌కు ధనావేశం, క్లోరిన్ అయాన్‌కు రుణావేశం ఉంటాయి. తరంగ విద్యుత్ క్షేత్రం వాటిని వ్యతిరేక దిశలలోకి లాగుతుంది. కాంతి పౌనఃపున్యం జాలక కంపన పౌనఃపున్యాన్ని సమీపించినప్పుడు కాంతి శక్తి బలంగా కంపనాలకు చేరుతుంది. అందువల్ల ఉప్పు కిటికీలు సుమారు 15 మైక్రోమీటర్ల వరకు ఉపయోగపడతాయి. ఆపైన శోషణం వేగంగా పెరుగుతుంది.

వజ్రంలో రెండు పరమాణువులూ కార్బన్‌వే. ఆ రెండూ ఎదురెదురుగా కంపించినా ద్విధ్రువ భ్రామకం ఏర్పడదు. కాబట్టి ఈ ప్రాథమిక కంపనం పరారుణ కాంతిని నేరుగా శోషించదు. అయినా దానిని గుర్తించే దారి ఉంది. రామన్ పరిక్షేపణంలో అది 1332 తరంగసంఖ్య (సెంటీమీటరుకు) వద్ద తీక్షణమైన రేఖగా కనిపిస్తుంది. వజ్రం రామన్ వర్ణపటాన్ని తొలినాళ్లలో పరిశోధించిన వారిలో రామన్ శిష్యుడు, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన సూరి భగవంతం ఒకరు. స్ఫటిక సౌష్ఠవం ఏ కంపనాన్ని శోషణంలోను, దేనిని రామన్ వర్ణపటంలోను అనుమతిస్తుందో తెలిపే విషయంలో ఆయన కృషి గణనీయమైనది.

కంటికి నల్లని లోహంలా కనిపించే జెర్మేనియంతో ఉష్ణ చిత్రగ్రాహక కెమెరాల కటకాలు చేస్తారు. మన శరీరం వెలువరించే 10 మైక్రోమీటర్ల ప్రాంతపు కాంతిలో ఒక్కో ఫోటాన్ శక్తి 0.124 ఎలక్ట్రాన్ వోల్టులు. జెర్మేనియం అంతరం కంటే చాలా తక్కువ. అయితే వక్రీభవన గుణకం 4 కావడం వల్ల ఒక్కో ఉపరితలం 36 శాతం పరావర్తనం చేస్తుంది. అందుకే ఆ కటకాలపై పరావర్తనాన్ని తగ్గించే పూత తప్పనిసరి. 7.2లో చదివిన సూత్రం ఇక్కడ మళ్లీ అవసరమయింది, చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. కెంపులోను, మరకతంలోను రంగునిచ్చే అయాన్ ఒకటే అయినప్పటికీ రంగులు వేరుగా ఉండటానికి కారణమేమిటి?
4. వజ్రం ప్రాథమిక జాలక కంపనం పరారుణ కాంతిని ఎందుకు శోషించదు?

7.8 సారాంశం

స్ఫటికంపై పడిన కాంతి పరావర్తనం, శోషణం, పరిక్షేపణం, ప్రసారం అనే నాలుగు భాగాలవుతుంది. తగ్గిన కాంతి అంతా శోషణమేనని భావించరాదు. శోషణ తీవ్రతను శోషణ గుణకం తెలుపుతుంది. స్వచ్ఛమైన బంధకం లేదా అర్ధవాహకం గుండా కాంతి దాటే ప్రాంతానికి రెండు హద్దులుంటాయి: అధిక శక్తి వైపు నిషిద్ధ శక్తి అంతరం, అల్ప శక్తి వైపు జాలక కంపనాలు. ఈ రెండింటి నడుమ ఉన్న కిటికీలో మాలిన్యాలు, లోపాలు తమ రంగులను గీస్తాయి. ఇక నుంచి ఎవరైనా ఒక స్ఫటికాన్ని పారదర్శకమని అంటే, ముందుగా “ఏ తరంగదైర్ఘ్యానికి? ఎంత మందానికి?” అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు అడగగలిగితే ఈ యూనిట్ మీకు వచ్చినట్లే.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. 1240 ÷ 2.26 = సుమారు 549 నా.మీ. ఊదా, నీలం, ఆకుపచ్చలో చాలా భాగం ఆగిపోతాయి. నారింజ రంగు వైపు ఉంటుంది.
2. పరిక్షేపణం.
3. క్రోమియం అయాన్ చుట్టూ ఉన్న స్ఫటిక క్షేత్ర బలం రెండు స్ఫటికాలలో వేరు. అందువల్ల శోషణ పట్టీల స్థానాలు మారుతాయి.
4. రెండు పరమాణువులూ ఒకే మూలకానివి కావడం వల్ల ఆ కంపనంలో ద్విధ్రువ భ్రామకం ఏర్పడదు.

7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

*అ) వ్యాసరూప ప్రశ్నలు*
1. నిషిద్ధ శక్తి అంతరం ఆధారంగా స్ఫటికాల పారదర్శకతను, రంగును వివరించండి.
2. మాలిన్యాలు, లోపాలు వజ్రం, కెంపు, ఉప్పు స్ఫటికాల రంగులను ఎలా మారుస్తాయో చర్చించండి.

*ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు*
1. ప్రత్యక్ష, పరోక్ష సంక్రమణాల భేదాన్ని తెలపండి.
2. శోషణ గుణకాన్ని కొలిచేటప్పుడు వేర్వేరు మందాలు గల రెండు పలకలను ఎందుకు వాడతారు?

*ఇ) సమస్య*
1. ఒక స్ఫటికం శోషణ గుణకం సెంటీమీటరుకు 20. లోపల ప్రవేశించిన కాంతి 5 శాతానికి తగ్గడానికి ఎంత మందం కావాలి? (జవాబు: 1.5 మి.మీ.)